కొలతల పుస్తకంలో ఒక పేజీ

మెడలో టేపు లేకుండా అమ్మమ్మను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. పెళ్ళికి వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా మంచి బట్టల మీద అది వేలాడుతూనే ఉండేది. ఎవరైనా నవ్వితే, డాక్టర్లు మెడలో గొట్టం వేసుకుని తిరగడంలేదా, వాళ్ళనడగరేం అని ఎదురు దబాయించేది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె కుట్టింది బడి యూనిఫాంలే. పెద్దవాళ్ళ బట్టలు ముట్టుకునేది కాదు. పెద్దవాళ్ళు తిని ఒళ్ళు పెంచి తప్పు టైలరు మీదికి తోస్తారని, పిల్లలైతే బిగుతైతే బిగుతని మొహంమీదే చెబుతారని ఆమె లెక్క.

కొట్టు అని పేరే గానీ అది ఇంటి ముందుగది. వీధివైపు కిటికీ, కిటికీ కింద మిషను, మిషను కింద కత్తిరింపు ముక్కల గుట్ట, ఆ గుట్టలో ఎప్పుడూ ఒక కాలి చెప్పు. రెండో చెప్పు ఎక్కడుందో అమ్మమ్మకే తెలియదు. గదిలో ఎన్ని వస్తువులు చెల్లాచెదురుగా ఉన్నా, పిల్లల కొలతలు తీసేటప్పుడు మాత్రం ఆమె పట్టింపులు ఆమెవి. తల్లో తండ్రో ఎదురుగా కుర్చీలో కూర్చుంటే తప్ప టేపు విప్పేది కాదు. "పట్టుకోనా?" అని అడిగి, పిల్ల తలూపాకే భుజంమీద చెయ్యి వేసేది. ఆమె అంకె చదివితే పిల్ల గట్టిగా తిరిగి చెప్పాలి. మూడేళ్ళ పిల్లయినా సరే, అడక్కుండా ముట్టుకోవడం మర్యాద కాదనేది.

ఆ కొలతలన్నీ ఒక పొడుగాటి అట్టపుస్తకంలోకి ఎక్కేవి. పిల్ల పేరు, బడి, తరగతి, ఇల్లు ఎక్కడ. ఆ కింద అంకెలు. అంకెల కింద అమ్మమ్మ సొంత కవిత్వం: ఎడమ భుజం దిగుడు, చొక్కా కొసలు నములుతాడు కాబట్టి రెండు కుట్లు, మెడ దగ్గర ముతక గుడ్డ తగిలితే ఏడుస్తుంది. బట్టలు ఎప్పుడు ఇచ్చిరావాలో కూడా రాసుకునేది: ఈ ఇంట్లో పొద్దున ఎవరూ ఉండరు, ఆ ఇంట్లో తాతకు చెవుడు, తలుపు గట్టిగా కొట్టాలి. బడిలో హాజరుపట్టీలు తగలబడిపోయినా తన పుస్తకం చూసి మళ్ళీ రాసుకోవచ్చని చెప్పుకుని మురిసేది. మురిపెంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

పక్కింటికి పక్కిల్లు పిచ్చుకది. పన్నెండేళ్ళది. గడపలో అడుగు పెట్టకముందే మాట లోపలికొచ్చేది కాబట్టి అమ్మమ్మే దానికా పేరు పెట్టింది. తండ్రి వేరే కాపురం పెట్టుకుని వెళ్ళిపోయాడు. తల్లి బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర పని చేసేది కాబట్టి వీధికంతటికీ ఆమె టికెట్లమ్మ. అమ్మమ్మకు చుట్టమేమీ కాకపోయినా పిన్నీ అని పిలిచేది. పిచ్చుకకు రెండేళ్ళప్పుడు వేణ్ణీళ్ళ గిన్నె ఒలికి కుడి భుజం వెనక కాలింది. అరచేతంత మచ్చ మిగిలింది. మచ్చమీద అతుకు వస్తే గీరుకుంటుందని, అమ్మమ్మ ఆ పిల్ల చొక్కాలకు వీపు ఒకే ముక్కగా కోసి లోపల మెత్తటి నూలుగుడ్డ వేసేది. బయటినుంచి ఎంత చూసినా తెలిసేది కాదు. ఇది మన ముగ్గురి రహస్యం, బడిలో ఒక్క పురుగుకి కూడా తెలియదు అని పిల్ల చెవిలో చెబితే, అది వీపు నిటారుగా పెట్టుకుని వెళ్ళేది.

ఫోన్‌లో కొట్టు పేరున పేజీ పెట్టింది మనవరాలు. తొమ్మిదో తరగతి లెక్కల పరీక్షనాడే చదువుకు దణ్ణం పెట్టి, అమ్మమ్మ పక్కన గుండీలు కుట్టడానికి కూర్చున్న ఘనురాలు. లెక్కలు రాకపోయినా ఫోన్ విద్యలో పండితురాలినని ఆమె అభిప్రాయం. కొత్త యూనిఫాం వేసుకుని నడుంమీద చేతులు పెట్టుకున్న పిల్లల ఫొటోలు ఆ పేజీలో పెట్టడం మొదలుపెట్టారు. కింద పేరు, తరగతి, బడి. బడి పేరు ఎందుకులే అని మనవరాలు ఒకసారి గొణిగింది. ఎవరి పిల్లో చెప్పకపోతే కొన్న బట్టలనుకుంటారని అమ్మమ్మ వినలేదు. మనవరాలు కూడా పెద్దగా పట్టుబట్టలేదు. తల్లులు పొంగిపోయారు. పిచ్చుక తన ఫొటో కింద తనే "నేనే, నేనే" అని నాలుగుసార్లు రాసుకుంది.

ఆ రోజులనుంచి అమ్మమ్మ పూర్తిగా చెడిపోయింది. టీ గ్లాసు పట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఏ ఫొటోకి ఎన్ని లైకులొచ్చాయో ఒక్కొక్కటే చూసుకునేది. అందులో గులాబీపువ్వు బొమ్మ పెట్టుకున్న ఒకావిడ ప్రతి ఫొటోకీ ఏదో ఒకటి రాసేది. అందరూ బాగుంది బాగుంది అని ఊరుకుంటే, ఈవిడ కాలరు తిప్పిన తీరు చూసేది, చంక దగ్గర ముడత పడలేదని గమనించేది. అమ్మా అని పిలిచేది. ముప్పై ఎనిమిదేళ్ళలో చంక దగ్గర ముడత గురించి మాట్లాడిన మనిషి అమ్మమ్మకు దొరకడం అదే మొదలు.

ఒక మధ్యాహ్నం మనవరాలు దారాలు కొనడానికి బజారుకు వెళ్ళింది. గులాబీ ఆవిడ దగ్గరనుంచి మెసేజీ వచ్చింది. మా మేనకోడలు అచ్చం మీ ఫలానా పాపలాగే ఉంటుంది, మా ఊళ్ళో టైలరుకి పిల్లల కొలత తీయడమే చేతకాదు, మీరు ఆ పాప కొలతలు ఎలా రాసుకుంటారో చూపిస్తే వాడికి బుద్ధొస్తుంది అని. ఫలానా పాప అంటే పిచ్చుక. అమ్మమ్మ ఆలోచించిందల్లా తన దస్తూరీ బాగుందా లేదా అని. పుస్తకం తెరిచి, కిటికీ వెలుతురులో పెట్టి, పేజీ మొత్తం ఫొటో తీసి పంపింది. ఆవిడ ఆశ్చర్యపోయింది. ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదంది. అమ్మమ్మ ఆ సాయంత్రమంతా కూనిరాగాలు తీసింది. మనవరాలు వేళాకోళం చేస్తుందని సంగతి మాత్రం చెప్పలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం పట్టపగలు, డ్యూటీ మధ్యలో, కౌంటరు కోటు కూడా విప్పకుండా టికెట్లమ్మ వచ్చి కుర్చీలో కూలబడింది. మనవరాలిని మంచినీళ్ళ కోసం లోపలికి పంపి, ముక్కలు ముక్కలుగా చెప్పింది. పిచ్చుక చేతిలో ఉన్న పాత ఫోన్‌లో ఎవరో నెలరోజులుగా మాట్లాడుతున్నారు. మొదట అదే బడిలో పై తరగతి అక్కనన్నారు. మంగళవారం, శుక్రవారం డాన్సు క్లాసని తెలుసు, మీ అమ్మ ఏడింటిదాకా రాదు కదా అని తెలుసు. స్నేహం కలిశాక గొంతు మారింది. నీ ఫొటోలు నా దగ్గరున్నాయి, చెప్పినట్టు వినకపోతే బడిలో అందరికీ పంపుతాను అని. నేనెప్పుడూ ఏ ఫొటో పంపలేదని పిల్ల రాసింది. మరి నీ కుడి భుజం వెనక కాలిన మచ్చ నాకెలా తెలుసు అని వాడు రాశాడు.

"మూడు వారాలుగా బట్టలతోనే స్నానం చేస్తోంది పిన్నీ. తడిబట్టలు ఎందుకే అంటే మాట్లాడదు. ఫోన్ చూస్తే గానీ తెలియలేదు" అంది టికెట్లమ్మ. "ఒక్క ఫొటో కూడా పంపలేదంటుంది. ఒట్టు వేస్తుంది. కొట్టాను కూడా. ఆ మచ్చ సంగతి నాకూ నీకూ తప్ప ఎవరికి తెలుసు, నువ్వే చెప్పు."

అది నింద కాదు. నమ్మకంతో అన్న మాట. అమ్మమ్మ చేతిలో ఉన్న చొక్కాకి సగం కాలరు అతికి ఉంది. మిగతా సగం వేళ్ళలోంచి జారిపోయింది. ఆ క్షణంలో ఆమెకు అంతా అర్థమైంది, ఆ పేజీలో తను రాసిన అక్షరాలు వరసగా కళ్ళముందుకొచ్చాయి: కుడి రెక్క వెనక కాలిన మచ్చ, లోపల మెత్త గుడ్డ. మంగళ, శుక్ర డాన్సు. తల్లి ఏడింటికి వస్తుంది, అప్పటిదాకా పిల్ల ఒక్కతే.

నోరు తెరిచి ఆమె అన్నది ఒక్కటే: "పిల్లని కొట్టకే."

పోలీసుల దగ్గరికి వెళ్దామా అని కూడా అడగలేదు. టికెట్లమ్మ తనంతట తనే, వీధిలో తలెత్తుకోలేమనీ, ఎవరికీ చెప్పొద్దనీ చేతులు పట్టుకుని బతిమాలి వెళ్ళిపోయింది.

తరవాతి పదకొండు రోజులూ అమ్మమ్మ ఏం చేసిందని అడిగితే, ఏమీ చేయలేదు. అదే ఆమె చేసిన పని. ఒక చొక్కాకి రెండు ఎడమచేతులు కుట్టింది. ఒక పిల్లాడి లాగుకి జేబులు తలకిందులుగా పెట్టింది. మనవరాలు పడీపడీ నవ్వి, ముసలీ, నీకు కళ్ళు పోయాయా, మతి పోయిందా అని అడిగితే తిట్టలేదు. తిట్టకపోయేసరికి మనవరాలికి భయం వేసింది. రోజుకు పదిసార్లు ఫోన్ తీసి గులాబీ ఆవిడ మెసేజీలు చూసేది. తుడిచేస్తే సరి, తను చెప్పకపోతే భూమ్మీద ఎవరికీ తెలియదు. వేలు అక్కడిదాకా పోయేది, ఆగిపోయేది. చెబుదామని రెండుసార్లు టికెట్లమ్మ గుమ్మందాకా వెళ్ళి, ఒకసారి కత్తెర పదును గురించి, ఒకసారి నీళ్ళ కుళాయి గురించి మాట్లాడి వచ్చింది. పిల్లల ఒంటికి నేను కాపలా అని అనుకుంటూ బతికిన మనిషి, దొంగకు తాళం తనే ఇచ్చానని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఇవాళ కాకపోతే రేపు అనుకుంది. రేపు కూడా అలాగే అనుకుంది.

ఈలోగా పిచ్చుకను బడి మాన్పించారు. గది తలుపుకి లోపలి గడియ తీసేశారు. ఎవరికి పంపావు, ఎన్ని పంపావు అని రోజూ అదే ప్రశ్న, పంపలేదని రోజూ అదే జవాబు. ఒకరోజు పిల్ల చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చి, కిటికీలోంచి అమ్మమ్మవైపు చూసింది. ఏదో అడుగుతుందేమో అన్నట్టు నిలబడింది. అమ్మమ్మ తలవంచుకుని మిషను తొక్కింది. సూదిలో దారం లేదు.

పన్నెండోరోజు తల్లీకూతుళ్ళు కలిసి వచ్చారు. దూరంగా ఏదో హాస్టలు బడి చూసింది టికెట్లమ్మ. అక్కడ ఫోన్లు ఉండవు, గేటు దాటనివ్వరు. నాలుగు జతలు కావాలి, వారంలో పంపేయాలి అంది. తను కుర్చీలో కూర్చుంది. పిల్ల వచ్చి అలవాటుగా కిటికీ ముందు నిలబడి రెండు చేతులూ బారగా చాపింది. చేతులు సన్నబడ్డాయి. అమ్మమ్మ టేపు విప్పింది.

"పట్టుకోనా?"

"అడగక్కర్లేదు అమ్మమ్మా" అంది పిచ్చుక.

కోపంగా అనలేదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియదని చెప్పినట్టు, మామూలుగా అంది. అమ్మమ్మ టేపు భుజం దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడే ఆపేసింది. అంకె చదవలేదు. మనవరాలు పెన్సిలు పట్టుకుని ఎదురుచూస్తూ, కళ్ళజోడు కావాలా అని అడిగింది. అమ్మమ్మ మెడలోకి టేపు వేసుకుని, బల్లమీది అట్టపుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి టికెట్లమ్మ ఒళ్ళో పెట్టింది. పక్కన తన ఫోన్ పెట్టింది.

"పిల్ల చెప్పింది నిజమే. అదేం పంపలేదు. మచ్చ సంగతి వాడికి చెప్పింది నేను."

టికెట్లమ్మ ముందు పుస్తకం చదివింది, తరవాత ఫోన్ చదివింది, మళ్ళీ పుస్తకం చదివింది. 'అప్పటిదాకా పిల్ల ఒక్కతే' అన్నచోట ఆమె వేలు చాలాసేపు ఆగింది.

"నీకెప్పటినుంచి తెలుసు పిన్నీ?"

"నువ్వొచ్చి చెప్పిన రోజే తెలిసింది."

పిచ్చుక చాపిన చేతులు ఇంకా దించలేదు. దానికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "అయితే మా స్నానాలగదిలో కెమెరా లేదా?" అని అడిగింది.

మనవరాలు పెన్సిలు బల్లమీద పెట్టేసింది.

"లేదు తల్లీ. ఏ కెమెరా లేదు. వాడి దగ్గర నువ్వు భయపడే ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా నా రాత" అంది అమ్మమ్మ.

పిల్ల అప్పుడు చేతులు దించింది. తల్లి లేచి దగ్గరికి తీసుకోబోతే అడ్డుపెట్టలేదు, అలాగని ఒదగనూ లేదు. బల్లకి ఆనుకుని నిలబడ్డట్టు నిలబడింది. తల్లి భుజం మీదుగా అమ్మమ్మనే చూస్తూ, "మొన్న కిటికీలోంచి నన్ను చూసి తలవంచుకున్నావు కదా. అప్పటికే నీకు తెలుసా?" అంది.

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. "తెలుసు" అంది అమ్మమ్మ.

పిచ్చుక బయటికి వెళ్ళి మెట్లమీద కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే నలుగురూ పోలీసుల దగ్గరికి వెళ్ళారు. ఆడ ఆఫీసరు ఒకామె రెండు ఫోన్లూ తీసుకుని, పుస్తకంలో పేజీ ఫొటో తీసుకుని, మెసేజీలు తుడిచేయకుండా తెచ్చారు, మంచి పని చేశారు, చాలామంది భయంతో తుడిచేసి వస్తారు అంది. ఆ మెప్పు అమ్మమ్మకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఈ గులాబీపువ్వు వ్యవహారం కొత్తది కాదట. పుట్టినరోజు కేకులు చేసేవాళ్ళు, డాన్సు నేర్పేవాళ్ళు, ఫొటో స్టూడియోవాళ్ళు, ఇలా పనిమీద మురిపెం ఉన్నవాళ్ళనే చూసి పొగిడి, పిల్లల వివరాలు లాగుతాడట. దొరుకుతాడని చెప్పలేదు, దొరకడనీ చెప్పలేదు. తరవాత ఆమె కుర్చీ పిచ్చుక పక్కకు జరుపుకుని, ఇందులో నీ తప్పేమీ లేదమ్మా అంది. ఎవరైనా ఇలా బెదిరిస్తే వెంటనే ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పాలి, సరేనా అంది.

"పంపలేదని చెప్పాను. నమ్మలేదు" అంది పిచ్చుక.

ఆఫీసరు రాస్తున్న పెన్ను ఆపి టికెట్లమ్మ వైపు చూసింది. టికెట్లమ్మ నేల వైపు చూసింది. అమ్మమ్మకు చూడటానికి ఏ వైపూ మిగల్లేదు.

ఆ పేజీలో పిచ్చుకతోపాటు ఇంకో ముగ్గురు పిల్లల వివరాలున్నాయి. మర్నాడు అమ్మమ్మ ఆ మూడిళ్ళకూ వెళ్ళింది. మనవరాలు తోడొస్తానంటే వద్దంది. తను రాసింది, తను పంపింది, చెప్పాల్సింది కూడా తనే అంది. ఒక ఇంట్లో విని, మంచినీళ్ళిచ్చి, పిల్ల ఫోన్ అక్కడికక్కడే చూసుకున్నారు. ఒక ఇంట్లో చెవిటి తాతకు మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది, మూడోసారికి వీధిలో అందరికీ తెలిసిపోయింది. మూడో ఇంట్లో తలుపు మొహంమీద వేశారు. ఫోన్‌లో పేజీని మనవరాలే మూసేసింది. ఫొటోలు ఒక్కొక్కటే తీసేస్తూ ఏడ్చింది. బడి పేరు వద్దని ఆ రోజు గట్టిగా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. అది ఆమె వాటా.

హాస్టలు వద్దులే, ఇక్కడే చదువుకో అని టికెట్లమ్మ కూతుర్ని బతిమాలింది. కొట్టిన చేత్తోనే జుట్టు దువ్వింది, తలుపుకి గడియ తిరిగి బిగించింది. పిచ్చుక అన్నింటికీ ఊఁ కొట్టింది. చివరికి, నేను వెళ్తాను అంది. కోపమా అంటే కాదంది. ఇక్కడ అందరూ నన్ను చూస్తున్నారు, అక్కడ ఎవరికీ నేను తెలియదు అంది. ఆ మాటలు టికెట్లమ్మే వచ్చి అమ్మమ్మకు చెప్పింది. తిట్టడానికి వచ్చింది, కానీ తిట్టలేకపోయింది. ఇద్దరూ ఒకే బల్లమీద కాసేపు కూర్చున్నారు.

ఆ నాలుగు జతలూ అమ్మమ్మే కుట్టింది. కొలతలు తీయనే లేదు కాబట్టి, కిటికీ ముందు చాపిన ఆ సన్నటి చేతుల్ని తలుచుకుని అందాజా మీద కోసింది. ఇస్త్రీ చేసి తనే తీసుకెళ్ళింది. లోపలి గదిలో పిల్ల ఉన్నట్టు తెలుస్తూనే ఉంది, సంచి జిప్పు లాగుతున్న చప్పుడు వస్తోంది. ఒకసారి తొడిగి చూస్తే బాగుండునమ్మా, తేడా ఉంటే సరిచేస్తాను అని అమ్మమ్మ గుమ్మంలోంచే అంది. జిప్పు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. టికెట్లమ్మ బట్టలు అందుకుని, సరిపోతాయిలే పిన్నీ అంది.

ఇప్పుడు అమ్మమ్మ ప్రతి శుక్రవారం బస్టాండుకు వెళ్తుంది. ఎక్కడికీ ప్రయాణం లేదు. మెడలో టేపుతో, సంచులూ పిల్లలూ మోసుకొచ్చినవాళ్ళ వెనక వరసలో నిలబడుతుంది. కౌంటరు దాకా వచ్చాక అద్దానికున్న చిన్న కన్నంలోంచి అడుగుతుంది.

మొన్న శుక్రవారం కూడా అలాగే అడిగింది. "ఫోన్ చేసిందా?"

"చేసింది పిన్నీ."

"ఏమంది?"

టికెట్లమ్మ యంత్రంలో కాగితపు చుట్ట సరిచేసుకుంది. "బట్టలు పొట్టయ్యాయంట. అక్కడే ఎవరో ఉన్నారంట, కుట్టించుకుంటానంది."

"పొడుగవుతోందన్నమాట" అంది అమ్మమ్మ.

"అవుతోంది."

"నేను కుట్టి పంపనా?"

టికెట్లమ్మ అద్దంలోంచి వెనక వరసవైపు చూసింది. వెనక నిలబడ్డ మనిషికి బస్సు తొందర. ఎక్కడికమ్మా టికెట్టు, తొందరగా చెప్పండి అన్నాడు.

"ఎక్కడికీ కాదు నాయనా. మీరు తీసుకోండి" అని అమ్మమ్మ పక్కకు జరిగింది.